అరణపు పశువుల వంశావళి

కృష్ణానది తూర్పు డెల్టాలో నాలుగు తరములుగ పాతుకొనియున్న ఏ రైతు కుటుంబమునైనను మీ పూర్వులెవరని ప్రశ్నించినచో, ముందుగా పెట్టెలోనుండి వెలువడునవి భూమి కాగితములు. ఏ సర్వే నంబరు ఎవరి పేర పట్టా అయినదో, ఏ తాత తన తమ్మునితో ఏ సంవత్సరమున పంపకములు చేసికొనెనో, ఏ దస్తావేజు ఎప్పుడు రిజిస్ట్రీ అయినదో వ్రేళ్ళు మడచి చెప్పగల పెద్దలు పామర్రు చుట్టుపట్ల నేటికిని గలరు. ఆ కాగితముల వెంబడి నడచినచో ఒక వంశవృక్షము సిద్ధించునన్నమాట నిజమే. కాని ఆ వృక్షమునకు కొమ్మలన్నియు మగవారు. ఆడువారు ఎచటనో ఒక సాక్షి సంతకము క్రిందనో, వేలిముద్ర ప్రక్కననో, ఫలానావారి భార్య యని మాత్రము కనబడి మరుగగుదురు. అదే యింటిలో పెరటివైపునకు పోయి, గొడ్లసావిడిలో గుంజకు కట్టియున్న గేదెను చూపి, ఇది దేని యీత, దాని తల్లి ఏ యూరినుండి వచ్చినది అని అడిగి చూడుడు. అప్పుడు సమాధానము చెప్పుటకు మగవారు తడబడుదురు. వంటయింటినుండి ఒక ముసలమ్మ వచ్చి చెప్పుట కారంభించును. ఆమె చెప్పునదియు వంశవృక్షమే. అందు కొమ్మలన్నియు ఆడువారు.

ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపునపుడు చీరెలతోను పాత్రసామగ్రితోను పాటుగ ఒక పాడిపశువును అరణముగ తోలి యిచ్చుట తెలుగుపల్లెలకు చిరకాలముగ తెలిసిన యాచారము. కలిగినవారు పసుపుకుంకుమల క్రింద ఎకరమో అరయెకరమో వ్రాసి యిచ్చెడివారు. ఆ పొలమును దున్నించువాడు, కౌలుకిచ్చువాడు, అవసరము వచ్చినపుడు తాకట్టు పెట్టువాడు భర్తయో మామగారో అగుటచేత, రెండు తరములు గడచునప్పటికి ఆ యెకరము ఎవరి పుట్టింటిదో కాగితము విప్పి చదివినగాని తెలియకపోవును. పశువు సంగతి అట్లుకాదు. దానికి కుడితి పెట్టినది, పాలు పిదికినది, పురిటినాడు రాత్రియంతయు లాంతరు పట్టుకొని ప్రక్కన కూర్చున్నది ఆ కోడలే. అరణపు పడ్డ ఎదిగి, చూలు కట్టి, ఈనినచో పుట్టిన ఆడుదూడ ఆమెదనుటలో అత్తగారికిని వివాదము లేదు. ఆ సంతతిలో నొక దూడ ఆమె కుమార్తెకు మరల అరణమై వేరొక యూరికి పోవును. ఈ ప్రకారము పొలము తండ్రినుండి కొడుకునకు ఉన్నచోటనే నిలిచి సంక్రమించుచుండగా, పాడి తల్లినుండి కూతునకు ఊరినుండి ఊరికి నడచుచు సంక్రమించెను. మా యింట నాయనమ్మతో వచ్చిన గేదెను మొవ్వ గేదె యనెడివారు. దాని కూతురు పామర్రులోనే పుట్టినను మొవ్వ గేదెయే; మనుమరాలును మొవ్వ గేదెయే. ఇంటి కోడండ్రను కూడ పుట్టిన యూరి పేరుతోనే గుడివాడ అత్తయ్య, ఉయ్యూరు పిన్ని అని పిలుచు సీమలో ఇది వింతగ తోచవలసిన పనిలేదు.

పామర్రు కూడలి యూరు. బెజవాడనుండి బందరునకు పోవు దారి ఉయ్యూరు దాటి ఇచటికి వచ్చును. ఇచటినుండి ఒక దారి గుడివాడకును, మరియొకటి కూచిపూడి, చల్లపల్లి మీదుగ దివిసీమకును చీలును. పూర్వము గుడివాడ తాలూకాలోని యూరు. 1908లో బెజవాడ బందరు రైలుమార్గము పడినపుడు అది గుడివాడ మీదుగ పోయెను గాని పామర్రును తాకలేదు. అందుచేత ఇచటి రాకపోకలు బహుకాలము ఎడ్లబండ్లమీదను, కాలువ పడవలమీదను, కాళ్ళమీదను సాగినవి. నాకు తెలిసిన కుటుంబముల వియ్యములను గమనించితిని. మోటారు బస్సులు రాకముందు కుదిరిన సంబంధములలో హెచ్చుభాగము, ఒక చూడిపడ్డ తెల్లవారుజామున బయలుదేరి నీరెండ వేళకు చేరగల దూరములో నున్నవే. ఇది పెద్దలు యోచించి పెట్టిన నియమమని చెప్పజాలను. ఆడుబిడ్డ మూడుపూటలలో పుట్టింటికి వచ్చిపోగల దూరమును పశువు నడువగల దూరమును ఇంచుమించు ఒక్కటే యగుటచేత అట్లు జరిగియుండును.

ఈ నేలపై పశువు ఇంటిమనిషి యగుట అనాదినుండి వచ్చిన సంగతియని మనవారు తలంతురు. నేనట్లు తలపను. మధ్యయుగపు శాసనములలో పశువులు మందలుగ కనబడును. ద్రాక్షారామము, అమరావతి మొదలగు క్షేత్రములలో అఖండదీపమునకై దాతలు ఇరువదియైదు ఆవులనో, ఏబది గొఱ్ఱెలనో సమర్పించుటయు, వానిని బోయలనబడు కాపరులు స్వీకరించి దినమునకొక మానికెడు నేయి దేవాలయమునకు కొలుచుటయు ఆ శాసనములు మరల మరల చెప్పుచున్నవి. అందు దాత పేరున్నది. కాపరి పేరును కొన్నిట నున్నది. పశువునకు పేరు లేదు, సంఖ్యయే. మంద యనునది బయలులో మేయునది, బయలులోనే పండునది. ఊరికి మందబయలు ఉండెడిది, చెరువుగట్లు ఉండెడివి, పంటలేని కాలమున చేలన్నియు ఊరుమ్మడి బీళ్ళే. చనిపోయినవారి పేర అచ్చు వేసి విడిచిన ఆంబోతు ఎవరి చేలో మేసినను అదలించువాడు లేకుండెను. పశువులు ఊరివి; ఇంటివి యగుట తరువాతి కథ.

ఆ తరువాతి కథకు మొదలు ఒక కరవు. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, కృష్ణకు ఇరువైపులను వానలు లేక వచ్చిన కరవును మన పెద్దలు డొక్కల కరువని స్మరించెడివారు. గుంటూరు సీమలో లక్షకు మించిన జనము చచ్చిరి. గడ్డిపరక లేక పశువులు మనుష్యులకంటె ముందుగ కూలినవి. ఏటిలో నీరు సముద్రమునకు పోవుచుండగా గట్టుమీది జనము చచ్చుటేమియన్న ప్రశ్న రెండు దశాబ్దములకు గాని ఫలింపలేదు. సర్ ఆర్థరు కాటను ప్రోద్బలమున, కెప్టెన్ ఓర్ నిర్వహణమున, బెజవాడయొద్ద కృష్ణకు అడ్డముగ ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. నేటి ప్రకాశం బరాజు 1957లో దానికి బదులు వచ్చినది. కాలువలు త్రవ్విరి, పుల్లేరు నీరు పామర్రు చేలను తడిపెను, నల్లరేగడి మాగాణియై వరి పండెను. కాటనుదొరకు మ్రొక్కని రైతు ఈ సీమలో లేడు, మ్రొక్కవలసినదే. కాని ఆ నీరే పశువు మేతను హరించెనన్న మాటను మాత్రము మనము తరచుగ మరచుచున్నాము.

వరికి నీరందిన ప్రతి గజము నేలను రైతు దున్నెను. మందబయళ్ళు చిక్కి, చిక్కి, పోరంబోకు లెక్కలో పేరుమాత్రము మిగిలినవి. ఆషాఢము మొదలు మార్గశిరము వరకు ఎటు చూచినను చేలు. గట్టు దాటిన పశువు నేరస్థురాలు. 1871లో వచ్చిన పశువుల అతిక్రమణ చట్టముతో ఊరూర బందెలదొడ్డులు వెలసినవి. పరుల చేలో పడిన పశువును అందు తోలి, యజమాని రుసుము చెల్లించి విడిపించుకొనువరకు నిర్బంధించుట విధి. మేత చాలక వానకాలమున మందలను మెట్టప్రాంతములకును, వేసవిలో కొల్లేటి గట్లకును తోలెడివారు గలరు. అది సాగినంతకాలము సాగి, క్రమముగ సన్నగిల్లెను. మిగిలిన యుపాయ మొక్కటే. పశువును పెరటిలోనికి తెచ్చి గుంజకు కట్టివేసి, మేతను దానియొద్దకు మోసికొని వచ్చుట. నేడు మనము బాల్యస్మృతులని చెప్పుకొను గొడ్లసావిడి, కుడితితొట్టి, గడ్డివాము, పేరు పెట్టి పిలిచిన పలుకు గుర్తించు గేదె, ఇవన్నియు ఆనకట్ట వచ్చిన పిమ్మట బయలు పోయి పెరడు మిగిలినందున పుట్టిన వైభవములు. దూరమున మేయు మందతో ఎవనికిని అంతటి చుట్టరికము పొసగదు.

కట్టివేసిన పశువును మేపుట ఒక శాస్త్రము. ఆ శాస్త్రమున కృష్ణా మండలపు రైతు ఎవరికిని తీసిపోడు. వరిగడ్డి బొజ్జ నింపును గాని బలమియ్యదని వానికి తెలియును. అందుచేత వరి కోతకు కొన్నిదినములు ముందుగ, చేలో పదును ఆరకమునుపే, నిలిచియున్న పైరులోనే జనుము విత్తనములో పిల్లిపెసర విత్తనములో చల్లును. వరి కోసి పనలు ఎత్తునప్పటికి నేలలోని చెమ్మతోనే అవి మొలకెత్తి, పిమ్మట మోకాలియెత్తు పెరుగును. దున్నుట లేదు, నీరు పెట్టుట లేదు. పూతదశలో కోసి ఎండబెట్టిన జనుము దుక్కిటెడ్లకు ఏడాది పొడవునకు బలమైన మేత. పిల్లిపెసర పాడిపశువులకు ప్రీతి. పైగా రెండును నేలకు సత్తువ. ఒకే చేలో మనిషికి బువ్వయు, పశువునకు మేతయు, నేలకు ఎరువును ఒకదాని వెనుక ఒకటి సాధించిన ఈ యేర్పాటును ఏ వ్యవసాయ కళాశాలయు నేర్పలేదు. తరువాత అవి దీనిని గ్రంథస్థము చేసి మెచ్చుకొన్నవి. ఇక తెలకపిండి, పత్తిగింజలు, ఉలవలు, తవుడు, చిట్టు యనునవి ఇంటి శక్తిననుసరించి. ఉయ్యూరున 1941లో చక్కెర కర్మాగారము వెలసిన పిమ్మట చెరకు కొట్టు దినములలో చెరకాకు మోపులు కూడ పెరళ్ళకు చేరినవి. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన యన్నము అన్నియు కుడితితొట్టికే. ఆ దినములలో పామర్రు పల్లెయిండ్లలో పారవేయవలసిన వంటచెత్త యనునది లేదన్నచో అతిశయోక్తి కాదు.

ఎద్దు ఈ కథలో ఒక విధముగ పరాయిది. డెల్టా రైతు దుక్కిటెద్దును పెంచుకొన్నాడు గాని పుట్టించుకొనలేదు. మేతబయలు లేని చోట ఆవులమందను పోషించి కోడెదూడలను పెంచుట గిట్టుబాటు కాదు. అందుచే మెట్టనుండి కోడెలను కొనితెచ్చి మరపి, నాగలికి కాడికి అలవాటు చేసెడివాడు. గుండ్లకమ్మ తీరపు ఒంగోలు కోడె యన్నచో ఎంతటి పొదుపరియైనను రొంటిలోని మూట విప్పును. సంతలో బేరము నోటితో నడువదు. తువాలు క్రింద ఒకరి వ్రేళ్ళు ఒకరు పట్టుకొని దళారి ద్వారా నడచును. పళ్ళు పట్టి వయస్సు చూతురు, సుడులు చూతురు, నడిపించి గిట్టలు చూతురు. ఆ యెద్దును ఎంతకు కొన్నారో, ఏ బండలాగుడు పందెములో గెలిచినదో మూడు తరములు చెప్పుకొందురు. దాని తల్లి యెవరో ఒక్కరికిని తెలియదు. ఎద్దునకు ధర యున్నది, గేదెకు వంశమున్నది. చిత్రమేమన, అదే ఒంగోలు జాతి పందొమ్మిదవ శతాబ్దమున ఓడలెక్కి బ్రెజిలునకు పోగా, ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదగుటచే వారు దానికి నెలోర్ అని పేరుపెట్టి, తల్లిదండ్రుల వివరములతో వంశావళి గ్రంథములు వ్రాసి, నేడు తమ దేశపు మాంసపు పశుసంపదకు మూలస్తంభముగ చేసికొన్నారు. మన ప్రభుత్వము 1919లో పశుగణన మొదలుపెట్టి తలలు మాత్రము లెక్కించెను.

కాళ్ళక్రింద నలిగిన కళ్ళములను గూర్చి వేరుగ ఒక వ్యాసమే వ్రాయవచ్చును. కుప్పనూర్పిడి రాత్రులలో నాలుగైదు పశువులను వరుసగ బంతి కట్టి గడ్డిపై త్రొక్కించుచు వెనుక నడచుట పిల్లల పని. నిద్రమత్తుతో తూగుచు, ముందరి యెద్దు తోక పట్టుకొని నడచిన వారు ఇప్పుడు ఎనుబదులలో నున్నారు. ఏ దేశమున ఏ కొలువు చేసి వచ్చినను ఆ రాత్రులు చెప్పునపుడు వారి మాట మారును. కాని ఇచట ఒక సంగతి మరుగుపరచుట న్యాయము కాదు. పశువులతో పెరిగితిమని చెప్పుకొను మా వంటివారి బాల్యము సాయంత్రపు బాల్యము; బడినుండి వచ్చి దూడ మెడ నిమిరి, జున్ను తిని, ఎడ్లబండి మీద ఊరేగిన బాల్యము. ఎండలో కాలువగట్టు వెంబడి వానిని తోలుకొనిపోయి, మధ్యాహ్నము చెరువులో కడిగి, చీకటిపడునపుడు తోలుకొని వచ్చిన పిల్లవాడు వేరొకడు. వాడు పాలేరు కొడుకు, బడికి పోలేదు. తండ్రి యేడాది జీతములో వాని కూలియు కలిసియే యుండెను. మాలపల్లెనుండియు మాదిగపల్లెనుండియు వచ్చిన ఆ పిల్లలకు ఏ గేదె ఏ పొద్దున ఎదకు వచ్చునో, ఏది పొడుచునో, ఏది మందనుండి తప్పిపోవునో మా పెద్దలకంటె బాగుగ తెలియును. పశువు చచ్చినపుడు కళేబరమును మోసినవారు, తోలు ఒలిచి చెప్పులు, మోటతిత్తులు కుట్టి యిచ్చినవారు వారి తండ్రులే. పాలుమాత్రము వారి యిండ్లకు చేరలేదు. మజ్జిగ చేరెను.

ఆ మజ్జిగ సంగతి చెప్పవలెను. పాలు దాలిలో పిడకల సెగపై మధ్యాహ్నము వరకు ఎఱ్ఱగ కాగును, మీగడ కట్టును, తోడుపెట్టి మరునాటి వేకువను కవ్వముతో చిలుకుదురు. వెన్న కాచిన నేయి వీసెల లెక్కన బందరు, గుడివాడ వర్తకులకు పోవును. ఆ డబ్బు కోడలి కొంగున ముడిపడును. మిగిలిన మజ్జిగకు వెల లేదు. ప్రొద్దెక్కునప్పటికి ముంతలు పట్టుకొని పెరటిగుమ్మమున నిలిచినవారందరికి పోయవలసినదే. లేదనిన ఇల్లాలికి ఊరిలో తల యెత్తుకొన వీలులేదు. పాలమ్ముకొని బ్రతుకుచున్నారని యనుట ఆనాడొక నింద. నేయి అమ్మవచ్చును, పాలు అమ్మరాదు. ఈ నీతిలోని తర్కము నాకు చిన్ననాడు బోధపడలేదు, ఇప్పుడు తోచుచున్నది. నేయి అమ్మినను మజ్జిగ ఊరిలో మిగులును. పాలు అమ్మినచో ఏమియు మిగులదు.

ఆ నిందను తుడిచివేసినది బెజవాడ. 1893లో కృష్ణపై రైలువంతెన పడి, నాలుగు దిక్కుల రైళ్ళు అచట కలిసి, పట్టణము పెరిగి, కాఫీహోటళ్ళు వెలసినకొలది పాలకు గిరాకి పుట్టెను. పామర్రు ప్రక్కనే యున్న నిమ్మకూరున 1923లో జన్మించి, పిమ్మట చలనచిత్రములందును రాజకీయములందును ప్రసిద్ధులైన నందమూరి తారక రామారావుగారు విజయవాడలో చదువుకొను దినములలో సైకిలుపై హోటళ్ళకు పాలు పోసి వచ్చెడివారన్నది అందరెరిగిన కథ. ఆయన అభిమానులు దానిని దారిద్ర్యమునకు నిదర్శనముగ చెప్పుదురు. నాకది ఒక సంధికాలమునకు నిదర్శనముగ తోచును. అంతకు ముందు తరమున ఒక రైతుబిడ్డ ఆ పని చేయుటకు సిగ్గుపడియుండును. తరువాతి తరమున అది వార్తయే కాదు. 1969లో యునిసెఫ్ సాయముతో విజయవాడలో పాలపదార్థముల కర్మాగారము వెలసెను. 1974లో రాష్ట్ర పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడెను. ఊరూర పాలకేంద్రము వచ్చెను. తెల్లవారుజామున గంట వినబడగనే క్యానులు పట్టుకొని వరుసకట్టుట, చిన్న గాజుగొట్టములో ఆమ్లము పోసి తిప్పి వెన్నశాతము తేల్చుట, చిట్టీలో అంకె వేయుట, పదిహేను దినముల కొకసారి డబ్బు పంచుట. ఒక్క గేదె గల నిరుపేదయింటికి కూడ పక్షమున కింత యని చేతికి వచ్చుట అదివరకు లేని సంగతి; భూమిలేని ఎన్ని కుటుంబములు ఆ చిట్టీలపై పిల్లలను చదివించుకొన్నవో పామర్రు చుట్టుపట్ల ఎవరినడిగినను చెప్పుదురు. అదే సంవత్సరములలో కవ్వములు అటుకెక్కినవి, దాలిగుంటలు పూడినవి, పెరటిగుమ్మమున ముంతలు పట్టుకొని నిలుచువారు రావడము మానిరి. ఈ లాభనష్టములను కూడి తీసివేయుటకు నాకు చేతకాదు, రెండును నిజములే.

పశువుల జాడ్యములను గూర్చి ఎక్కువ చెప్పను. దొమ్మ, గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు పేర్లు వినిన వేళ పెద్దవారి మొగములు నేటికిని మారును. అన్నిటికంటె ఘోరమైన ముసర వ్యాధికి పోలేరమ్మకు మ్రొక్కుటయే మందుగ నుండిన కాలము పోయి, 1954లో దేశవ్యాప్తముగ టీకాలు ఆరంభమై, 1995 తరువాత ఆ రోగము భారతదేశమున కనబడలేదు. 2011లో ప్రపంచముననే నశించినట్లు ప్రకటించిరి. మశూచి తరువాత మానవుడు నిర్మూలించిన రెండవ వ్యాధి యిదియే. ఆ రోగము పోయినదని మా యూరిలో ఎవరును పండుగ చేయలేదు.

ఉప్పెన మాత్రము వేరు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేల జనము పోయిరి. 1977 నవంబరు 19 నాటిది దివిసీమను కడిగివేసెను. పదివేలకు మించి మనుష్యులు, లెక్కకు రాని పశువులు. పామర్రు ఆ నీటికి అందలేదు గాని, దివికి పోవు దారి పామర్రు మీదుగనే గదా, బియ్యము, బట్టలు, మందులు మోసిన బండ్లన్నియు ఇచటినుండియే సాగినవి. బయలులో మేయు పశువు గాలివానను పసిగట్టి మెరకకు పోవును; పలుపుతో గుంజకు కట్టిన పశువునకు ఆ స్వేచ్ఛ లేదు. గాలి హోరెత్తిన రాత్రి ముందుగ పలుపులు కోసివేయవలెనని దివిసీమ పుట్టినిండ్లుగా గల స్త్రీలు కోడండ్రకు చెప్పిన మాట మా యిండ్లలోనికి ఆ విధముగ వచ్చెను. ఉప్పెన పిమ్మట దివినుండి పామర్రు, గుడివాడ వైపులకు ఇచ్చిన ఆడపిల్లల ఇండ్లనుండి పుట్టిండ్లకు పడ్డలు తిరిగిపోయినవి. అరణము వెనుకకు నడచుట నేనెరిగినంతలో అదొక్కసారియే.

వంశము తెగుట మొదలైనది మేలుజాతులతో. హర్యానానుండి వచ్చిన ముర్రా గేదెలను మనవారు ఢిల్లీ గేదెలందురు. బిగుతుగ చుట్టుకొన్న కొమ్ములు, భారీ పొదుగు, పూటకు మన నాటు గేదె రెండుపూటల కిచ్చు పాలు. మొదట ముర్రా దున్నపోతులు వచ్చినవి, పిమ్మట కృత్రిమగర్భధారణపు సూదులు వచ్చినవి. రెండు మూడు ఈతలలో మొవ్వ గేదె సంతతికి కూడ కొమ్ములు మెలిపడినవి. తల్లివైపు రక్తమింకను అదియే గదా యని మా నాయనమ్మ సమాధానపడెడిది. తరువాత దళారులు లారీలలో చూడి గేదెలను దింపి అమ్మి, ఒట్టిపోయినవానిని మరల కొనుకొని పోవుట అలవాటగుటతో ఆ సమాధానమునకును తావు లేకపోయెను. అరణము కూడ నగదై, బంగారమై, ఫ్రిజ్జై రూపము మార్చుకొనెను. ట్రాక్టరు వచ్చి ఎద్దును పంపివేసినది. వరికోత యంత్రము వచ్చి గడ్డిని తునాతునకలు చేసి చేలో పారబోయుచున్నది. వామి వేయ వీలులేని ఆ గడ్డిని కాల్చుచున్నారు. అదే సంక్రాంతికి గుడివాడలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందెములకు వేలకొలది జనము చేరి ఈలలు వేయుచున్నారు. గన్నవరమున 1998లో వెలసిన పశువైద్య కళాశాలలో చదువు పిల్లలు ఈ మండలపు నాటు గేదె యెట్లుండెడిదో పటములలో చూచి నేర్చుకొనుచున్నారని వింటిని.

ఇటీవల మా కుటుంబమువారు, అమెరికాలోను హైదరాబాదులోను స్థిరపడిన పిల్లల కోరికమీద, వంశవృక్షము నొకదానిని వ్రాయింప దలచిరి. మగవారి శాఖలు దస్తావేజులతో ఒక్కపూటలో తేలినవి. నాయనమ్మలు, మేనత్తలు, వారి కుమార్తెలు ఏ యూళ్ళకు పోయిరో తేల్చుటకు మేము గేదెల నడిగితిమి. అనగా ఏ గేదె ఎవరితో ఎచటికి పోయినదో జ్ఞప్తియున్న ముసలివారి నడిగితిమి. మా పెద్దమేనత్తతో పోయిన పశువు విషయము మాత్రము ఇంటిలో నొక్కరికిని తెలియలేదు. పూర్వము మా యింట పాలేరుగ నుండిన ఆయన కుమారుడు ఊరిలోనే యున్నాడని విని పోయి, పెద్దాయనా, ఆ సంగతి మీకేమైన తెలియునా యని అడిగితిని. ఆయన క్షణమైన ఆలోచింపలేదు.

“మొవ్వ గేదె కూతురు సుక్కలదండి. సుక్కలదాని కూతురు వంకరకొమ్ముది. అదే మీ పెద్దత్తయ్యగారితో గుడివాడ అవతలకి వెళ్ళింది. మా అయ్యే తోలుకెళ్ళాడు, నేను దూడని పట్టుకుని యెనకాల నడిచాను. ఆ యేడు మా అయ్య జీతం పది బస్తాలండి. అందులో రెండు బస్తాలు కోశారు. వంకరకొమ్ముది పరాయి చేలో పడితే బందెలదొడ్డికి తోలారు, ఆ డబ్బుల కింద.”

ఇంటికి వచ్చి మా తాతగారి పాత చిట్టాలు తీసితిని. ఆ సంవత్సరపు పుటలో, ఆయన గుండ్రని దస్తూరితో, బందెలదొడ్డి రుసుము పన్నెండణాలు ఇంటి ఖర్చుల క్రింద వ్రాసియున్నది. పాలేరు జీతపు పద్దులో పది బస్తాలు చెల్లు అని యున్నది. రెండు బస్తాల కోతను గూర్చి ఎచటను ఏమియు లేదు.